అనుదినాహారంలో ‘అనుదినం’ ఎక్కడిది?

పరలోక ప్రార్థన నోటికి రాని తెలుగు క్రైస్తవులు అరుదు. ఏడాదికోసారి క్రిస్మస్‌కి మాత్రమే చర్చి గడప తొక్కేవాళ్ళకు కూడా వచ్చేస్తుంది, చిన్నప్పుడు మిషన్ స్కూల్లో చదువుకున్న ఇతర మతాల వాళ్ళకూ సగం గుర్తుంటుంది. అందులో నడిమధ్య ఒక వాక్యం: ‘మా అనుదినాహారము నేడు మాకు దయచేయుము’. ఆర్‌సీఎం (రోమన్ కతోలిక) ఇళ్ళల్లో దీన్నే పరలోక జపం అంటారు, మాటలు కాస్త వేరు: ‘నానాటికి కావలసిన మా అన్నము మాకు నేటికి ఇవ్వండి’. మొత్తం ప్రార్థనలో ఇంతకంటే తేలికైన వాక్యం ఇంకోటి లేదనిపిస్తుంది. దేవుని రాజ్యం రావడమంటే ఏమిటి, శోధనలోకి తేకపోవడమంటే ఏమిటి అని వివరించడానికి ఒక ఆదివారం ప్రసంగం చాలదు గానీ, తిండి పెట్టమని అడగడానికి వ్యాఖ్యానం ఎందుకు?

తీరా గ్రీకు మూలం తెరిచి చూస్తే ప్రార్థన మొత్తంలో పండితులను ఎక్కువ ఇబ్బంది పెట్టిన మాట ఈ వాక్యంలోనే కూర్చుని ఉంది. మత్తయి 6:11 గ్రీకులో ఇలా వినిపిస్తుంది: ‘తోన్ ఆర్తోన్ హేమోన్ తోన్ ఎపియూసియోన్ దోస్ హేమిన్ సేమెరోన్’. ఆర్తోస్ అంటే రొట్టె, హేమోన్ అంటే మా, దోస్ అంటే ఇయ్యి, హేమిన్ మాకు, సేమెరోన్ నేడు. ఇవన్నీ గ్రీకు నేర్చుకునే కుర్రాళ్ళకు మొదటి నెలలో వచ్చే మాటలు. మిగిలింది ఆ ఒక్క విశేషణం, ఎపియూసియోస్. మనం ‘అనుదిన’ అని చదువుకుంటున్నది దాన్నే. దాని అర్థం ‘అనుదిన’ అని ఖాయంగా చెప్పగలిగినవాళ్ళు మాత్రం ఇంతవరకు లేరు.

ఈ మాట కొత్త నిబంధనలో రెండే చోట్ల ఉంది, ఒకటి మత్తయి 6:11, రెండోది లూకా 11:3. రెండూ ఇదే ప్రార్థన. బైబిల్ బయట, తొలి క్రైస్తవ సంఘాల కోసం రాసిన ‘దిదాఖే’ అనే చిన్న పుస్తకంలో ఎనిమిదో అధ్యాయంలో కనిపిస్తుంది, అక్కడా ఇదే ప్రార్థనే. అంటే ముగ్గురు సాక్షులున్నారని సంబరపడేలోపే ముగ్గురూ ఒకే ఇంటివాళ్ళని తేలుతుంది. హోమర్ దగ్గర్నుంచి లెక్కేసుకుంటే గ్రీకులో కొన్ని వందల ఏళ్ళ సాహిత్యం ఉంది, నాటకాలు, చరిత్రలు, వైద్య గ్రంథాలు, ఉత్తరాలు, పన్ను రసీదులు, పెళ్ళి ఒప్పందాలు, అన్నీ ఉన్నాయి. వాటిలో ఈ ప్రార్థనతో సంబంధం లేకుండా ఎపియూసియోస్ వాడినట్టు తిరుగులేని ఆధారం ఒక్కటీ దొరకలేదు.

ఇదేదో ఇప్పటి పండితులు కనిపెట్టిన సమస్య కాదు. అలెగ్జాండ్రియాకు చెందిన ఒరిగెన్ 3వ శతాబ్దంలో, సుమారు 233 ప్రాంతంలో, ప్రార్థన గురించి ఒక గ్రంథం రాశాడు. అందులో ఈ మాట దగ్గరికి రాగానే ఆగిపోయి, ఇది గ్రీకు పండితులెవరూ వాడిన మాట కాదు, మామూలు జనం మాట్లాడుకునేదీ కాదు, సువార్త రాసినవాళ్ళే తయారుచేసినట్టుంది అన్నాడు. ఇక్కడ కాస్త ఆలోచించాలి. ఒరిగెన్ గ్రీకు నేర్చుకున్నవాడు కాదు, గ్రీకులో పుట్టి పెరిగినవాడు, అలెగ్జాండ్రియా లాంటి పుస్తకాల నగరంలో జీవితమంతా చదువుకే పెట్టినవాడు. అలాంటి మనిషి ‘ఈ మాట ఎక్కడా వినలేదు’ అంటే దాని బరువు వేరు. సువార్తలు రాసి రెండు వందల ఏళ్ళు కూడా గడవకముందే, అదే భాష మాట్లాడేవాళ్ళకే, రోజూ చేసే ప్రార్థనలో ఒక మాట అర్థం కాకుండా పోయిందన్నమాట.

‘రోజువారీ’ అని చెప్పాలనుకుంటే గ్రీకులో మాటలకు కరువా అంటే అదీ కాదు. అపొస్తలుల కార్యములు 6:1లో విధవరాండ్రకు జరిగే ‘అనుదిన పరిచర్య’ గురించి ఉంది, అక్కడ గ్రీకు మాట కథేమెరినోస్. యాకోబు పత్రిక 2:15లో ఏ పూటకా పూట తిండికి లేనివాళ్ళ ప్రస్తావన వస్తే ఎఫేమెరోస్ అనే మాట వాడారు. రెండూ అందరికీ తెలిసిన మాటలే, రెండిట్లోనూ రోజు అనే అర్థమిచ్చే ‘హేమెరా’ స్పష్టంగా వినిపిస్తుంది. ఎపియూసియోస్‌లో ఆ హేమెరా జాడే లేదు. ఇంకా తమాషా ఏమిటంటే లూకా తన వాక్యంలో ‘నేడు’ తీసేసి ‘ప్రతిరోజూ’ అనే అర్థం వచ్చే ‘తో కథ్ హేమెరాన్’ పెట్టాడు, క్రియను కూడా ‘ఇస్తూ ఉండు’ అనే అర్థానికి తిప్పాడు. ఎపియూసియోస్ అంటే కూడా రోజువారీ అయితే, లూకా వాక్యం ‘మా రోజువారీ రొట్టె రోజూ ఇస్తూ ఉండు’ అని తేలుతుంది. నాలుగు సువార్తల్లో మంచి గ్రీకు రాసేవాడని పేరున్న లూకా అలా రాస్తాడా?

మన తెలుగు అనువాదకులకు లూకా దగ్గర ఈ ఇరుకు తగిలినట్టే ఉంది. పాత తెలుగు బైబిల్లో లూకా 11:3 ఇలా ఉంటుంది: ‘మాకు కావలసిన అనుదినాహారము దినదినమును మాకు దయచేయుము’. మత్తయిలో ఒక్క ‘అనుదిన’తో సరిపెట్టినవాళ్ళు ఇక్కడ ‘కావలసిన’ అని ఒక మాట చేర్చారు, ‘అనుదిన’ను వదల్లేదు, పక్కనే మళ్ళీ ‘దినదినమును’ వచ్చింది. పక్కపక్కన పెట్టి చదివితే తప్ప ఈ తేడా కంటికి ఆనదు.

అర్థం తెలియని మాటకు బయట ఎక్కడైనా ఒక్క వాడుక దొరికితే చాలు, చిక్కు విడిపోతుంది. ఒకసారి అలా దొరికిందనే అనుకున్నారు. 19వ శతాబ్దం చివర్లో ఈజిప్టులోని ఫయూమ్ ప్రాంతంలో, హవారా దగ్గర ఫ్లిండర్స్ పెట్రీ జరిపిన తవ్వకాల్లో పాపిరస్ కాగితాలు బయటపడ్డాయి. వాటిలో ఒకటి మామూలు ఇంటి ఖర్చుల పద్దు, ఫలానా దానికి ఇంత, ఫలానా దానికి ఇంత అని. ఎ. హెచ్. సేస్ అనే పండితుడు దాన్ని చదివి 1889లో అచ్చువేయించాడు. ఆ పద్దులో ఒక చోట ‘ఎపియూసి...’ అని ఉందని, తర్వాతి అక్షరాలు చెరిగిపోయాయని రాశాడు. అప్పటికి ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత ఫ్రీడ్రిష్ ప్రైసిగ్కె ఆ పద్దును తన సంకలనంలో చేర్చాడు, 1925లో ఆల్బర్ట్ డెబ్రూనర్ అది ప్రభువు ప్రార్థనలోని మాటే కావచ్చని ఎత్తి చూపాడు. ఇంకేముంది, పండుగే. ఖర్చుల పద్దులో ఉంది కాబట్టి ఇది పనివాడికి ఏ రోజుకారోజు కొలిచి ఇచ్చే తిండి అయి ఉంటుందని వ్యాఖ్యానాలు మొదలయ్యాయి. ఆకాశం నుంచి ఊడిపడిన మాట అనుకున్నది కాస్తా చాకలి పద్దులాంటి చోట దొరికిందంటే ఎవరికైనా ముచ్చటగానే ఉంటుంది.

చిక్కేమిటంటే ఆ పాపిరస్ కనబడకుండా పోయింది. మళ్ళీ చూసి సరిచూసుకుందామంటే కాగితమే లేదు, ఉన్నదల్లా సేస్ రాసుకున్న ప్రతి. సేస్ ఊహలో దిట్ట గానీ అక్షరం అక్షరం జాగ్రత్తగా చదవడంలో అంత నమ్మదగ్గవాడు కాదని తెలిసినవాళ్ళు అంటూనే ఉన్నారు, 1957లో బ్రూస్ మెట్జ్‌గర్ కూడా ఆ సంగతి గుర్తుచేసి, ఈ ఒక్క ఆధారం మీద మేడలు కట్టొద్దన్నాడు. చివరికి 1998లో ఆ కాగితం అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయం బైనెకి లైబ్రరీలో దొరికింది. ఇద్దరు పరిశోధకులు మళ్ళీ కూర్చుని చదివారు. సేస్ ‘ఎపియూసి’ అని చదివిన చోట ఉన్న మాట ‘ఎలాయూ’ అని తేలింది. ఎలాయూ అంటే నూనె! పద్దులో నూనె ఖర్చు రాసుకున్నారంతే. డెబ్బై ఏళ్ళకు పైగా పండితులు చర్చించుకున్న ‘రోజువారీ బత్తెం’ చివరికి వంటింటి నూనె అయింది. ఇప్పటికీ కొన్ని ప్రసంగాల్లో, పాత నిఘంటువులు చూసి రాసిన వ్యాసాల్లో ‘ఈజిప్టు సరుకుల చీటీలో ఈ మాట దొరికింది’ అని వినిపిస్తూనే ఉంటుంది. అది నమ్మాల్సిన పని లేదు.

బయట వాడుక లేనప్పుడు మిగిలిన దారి మాటను విడగొట్టి చూడడం. ‘ఎపి’ అనేది ఉపసర్గ, అందులో సందేహం లేదు. పై, మీద, తర్వాత, కోసం, ఇలా దానికి సందర్భాన్ని బట్టి చాలా అర్థాలు. తగాదా అంతా మిగతా సగం గురించే. అది ‘ఊసియా’ అనే నామవాచకమా, లేక ‘వెళ్ళు, వచ్చు’ అనే అర్థమున్న ‘ఇయెనాయ్’ క్రియ నుంచి పుట్టిందా?

ఊసియా అంటే ఉనికి, స్వభావం, సారం. తత్వవేత్తలకు ఇష్టమైన మాట. దీన్ని తీసుకుంటే రెండు దారులున్నాయి. ‘ఉనికి కోసం’ అనుకుంటే బతకడానికి కావలసిన రొట్టె అవుతుంది, ఒరిగెన్ దాదాపు ఇటే వెళ్ళి, అయితే బతకాల్సింది ఆత్మ కదా అని దాన్ని పైకి ఎత్తుకుపోయాడు. ‘ఉనికికి పైన’ అనుకుంటే ఈ లోకపు పదార్థాన్ని మించిన రొట్టె అవుతుంది. వినడానికి గొప్పగానే ఉంది గానీ సంధి దగ్గర దెబ్బతింటుంది. మనకు ఇత్వసంధి ఉంది కదా, ఏమి + అంటివి కలిస్తే ఏమంటివి అవుతుంది, ‘ఇ’ ఎగిరిపోతుంది. గ్రీకులోనూ ఎపి తర్వాత అచ్చు వస్తే మామూలుగా ఆ చివరి ‘ఇ’ పోవాలి. ఎపి + ఊసియా కలిస్తే ‘ఎపూసియోస్’ రావాలి, ‘ఎపియూసియోస్’ కాదు. కొన్ని మాటల్లో ఆ ‘ఇ’ నిలబడుతుంది, ఫిలిప్పీయులకు 4:5లో ‘సహనము’ అని అనువదించిన ఎపియేకేస్ అలాంటిదే. కానీ అక్కడ ఒకప్పుడు మధ్యలో ఒక హల్లు ఉండి తర్వాత జారిపోయింది కాబట్టి నిలబడింది. ఊసియాకు అలాంటి చరిత్ర లేదు. వైకల్పికం అని మన వ్యాకరణంలో అన్నట్టు ఇక్కడా అనేసి సర్దుకోవచ్చు, కొందరు సర్దుకున్నారు కూడా.

ఇంకో సంగతి, దీన్ని జనం అంతగా ఎత్తుకోరు. ఊసియా అనే మాట కొత్త నిబంధనలో ఒకే కథలో వస్తుంది, లూకా 15లో తప్పిపోయిన కుమారుడి కథలో. అక్కడ దాని అర్థం ఆస్తి. తండ్రి దగ్గర వాటా పంచుకుని, దూరదేశం పోయి తగలేసిన ఆ ఆస్తి. సారం, తత్వం అనే గంభీరమైన అర్థంలో ఆ మాటను సువార్తలు ఎక్కడా వాడలేదు. ఆ గంభీరత వచ్చింది తర్వాత, 325లో నైసియా సభలో కుమారుడు తండ్రితో ఒకే ఊసియా కలిగినవాడా కాదా అని కొట్టుకున్నప్పుడు. 4వ శతాబ్దంలో చదువుకున్న క్రైస్తవుడి చెవిలో ఊసియా అంటే రాజకీయం, మతం, బహిష్కారం అన్నీ కలిసి మోగేవి. ఆ చెవితో పాత ప్రార్థనను వింటే అందులో కూడా అదే మోత వినిపించడంలో ఆశ్చర్యం లేదు.

ఆ కాలపు మనిషే జెరోమ్. సుమారు 384లో పోప్ దమాసుస్ కోరిక మీద లాటిన్ సువార్తలను సరిదిద్దాడు. మత్తయిలో ఎపియూసియోస్ వచ్చిన చోట ‘సూపర్‌సబ్‌స్టాన్షియాలెం’ అని పెట్టాడు, అంటే పదార్థానికి అతీతమైనది అని. అదే మాట లూకాలో వచ్చినప్పుడు ‘కోటిడియానుం’ అనేశాడు, అంటే రోజువారీ. ఒకే గ్రీకు మాట, ఒకే ప్రార్థన, ఒకే అనువాదకుడు, రెండు అనువాదాలు. అజాగ్రత్త అనడానికి లేదు, జెరోమ్ అలాంటి మనిషి కాదు. పాత నిబంధన గ్రీకులో నిర్గమకాండము 19:5లో ఇశ్రాయేలు ప్రజల్ని దేవుని సొత్తుగా చెప్పే ‘పెరియూసియోస్’ అనే మాట ఉంది, ఎపియూసియోస్ దానికి తోబుట్టువు అయి ఉంటుందని ఆయన అనుకున్నాడు. తోబుట్టువు అయితే అయింది, లూకాలో ఆ చుట్టరికం ఏమైందో మరి. పైగా 398లో మత్తయి మీద వ్యాఖ్యానం రాసేటప్పుడు మూడో సంగతి కూడా చెప్పాడు. హెబ్రీయుల సువార్త అని ఒకటి అప్పట్లో ఉండేది, ఇప్పుడు పూర్తిగా దొరకదు. అందులో ఈ చోట ‘మహార్’ అని ఉందట. హీబ్రూ, అరమాయిక్ భాషల్లో మహార్ అంటే రేపు. అంటే ‘మా రేపటి రొట్టె నేడు మాకు ఇయ్యి’.

జనం నోట మాత్రం జెరోమ్ గెలవలేదు. పూజలో చెప్పే లాటిన్ ప్రార్థన మత్తయి వరుసలోనే సాగుతుంది గానీ ఈ మాట దగ్గరికి వచ్చేసరికి అలవాటుపడిన ‘కోటిడియానుం’ అనే ఉంటుంది. నోటికి వచ్చిన ప్రార్థనను మార్చడం ఎవరి తరమూ కాదు. 12వ శతాబ్దంలో ఫ్రాన్స్‌లో పీటర్ అబెలార్డ్ అనే తత్వవేత్త ఆ పని చేయబోయాడు. ఎలోయీజ్ మఠాధిపతిగా ఉన్న పారక్లేట్ కన్యాస్త్రీల మఠంలో మత్తయిలో ఉన్నట్టే ‘సూపర్‌సబ్‌స్టాన్షియాలెం’ అని చెప్పించేవాళ్ళు. క్లేర్వో మఠాధిపతి బెర్నార్డ్ అక్కడికి వచ్చి అది విని నొచ్చుకున్నాడు. అబెలార్డ్ ఊరుకోకుండా, మత్తయిలో ఉన్నది ఉన్నట్టు చెప్పడం కొత్తదనం ఎలా అవుతుంది, మత్తయిని లూకాతో కలగలిపి మీరు చెప్పేదే కొత్తది అని ఉత్తరం రాశాడు. వాదనలో నెగ్గినవాడు అబెలార్డ్. వాడుకలో నెగ్గింది బెర్నార్డ్.

అక్కడి నుంచి కథ అందరికీ తెలిసిందే. లూథర్ జర్మన్‌లో, టిండేల్ ఇంగ్లీషులో ‘రోజువారీ’ అనే అర్థమే పెట్టారు. 1582లో కతోలికులు ఇంగ్లీషులోకి తెచ్చిన కొత్త నిబంధన మాత్రం జెరోమ్‌ను అక్షరాలా అనుసరించి మత్తయిలో ఆ కొరుకుడుపడని లాటిన్ మాటనే దింపింది. మనకు తెలుగులో ‘అనుదిన’ వచ్చింది ఈ ‘రోజువారీ’ సంప్రదాయం నుంచే.

లాటిన్ దారి పట్టని భాషల్లో సంగతి వేరుగా ఉంది. సిరియాక్ పాత అనువాదంలో ‘ఎడతెగని రొట్టె’ అనే అర్థం వస్తుంది, తర్వాత స్థిరపడిన పెషిట్టాలో ‘మాకు అవసరమైన రొట్టె’. ఈజిప్టు క్రైస్తవుల కోప్టిక్‌లో ‘రేపటి’, ‘రాబోయే’ అనే అర్థాలు. యేసు మాట్లాడిన అరమాయిక్‌కు దగ్గరి చుట్టం సిరియాక్ కాబట్టి అసలు మాట అందులోనే భద్రంగా ఉందని కొందరు వాదిస్తారు గానీ, సిరియాక్ సువార్తలు కూడా గ్రీకు నుంచే అనువాదమయ్యాయి. వాళ్ళూ మనలాగే ఆ మాట ముందు తల గోక్కున్నవాళ్ళే. మన పక్కింటి తమిళ బైబిల్ మత్తయిలో ‘మాకు కావలసిన ఆహారం’ అంటుంది, మలయాళం కూడా ‘మాకు అవసరమైన ఆహారం’ అనే. దక్షిణాదిలోనే ఒక్కో భాష ఒక్కో వైపు మొగ్గింది.

ఊసియాను పక్కన పెడితే మిగిలేది ‘ఇయెనాయ్’, రావడం. దీనికి ఉన్న బలం ఏమిటంటే ‘ఎపియూసా’ అనే మాట గ్రీకులో నిజంగా ఉంది, అందరూ వాడినదే. ‘హే ఎపియూసా’ అంటే రాబోయేది, అంటే రాబోయే రోజు. అపొస్తలుల కార్యములు 16:11లో పౌలు బృందం ‘మరునాడు’ నెయపొలికి చేరింది అనే చోట ఈ మాటే. సామెతలు 27:1 గ్రీకు అనువాదంలో, రేపటి గురించి గొప్పలు చెప్పుకోవద్దు, రాబోయే రోజు ఏమి కంటుందో నీకు తెలియదు అనే చోట కూడా ఇదే, పక్కన రోజు అనే మాట లేకుండా ఒంటరిగానే వస్తుంది. ఎపియూసా నుంచి ఎపియూసియోస్ అనే విశేషణం పుట్టడానికి వ్యాకరణం అడ్డురాదు. ఇక్కడ ‘ఇ’ క్రియదే కాబట్టి సంధి తగాదా కూడా లేదు. మాట నిర్మాణం ఒక్కటే చూస్తే తూకం ఇటే మొగ్గుతుంది, 1871లో జె. బి. లైట్‌ఫుట్ అనే ఇంగ్లీషు బైబిల్ పండితుడు ఈ వాదనను దాదాపు మరో మాటకు చోటు లేకుండా నిలబెట్టాడు. 1881లో ఇంగ్లీషు బైబిల్‌ను సవరించినప్పుడు పై వాక్యంలో పాత మాటే ఉంచి, మార్జిన్‌లో ‘రాబోయే దినానికి మా రొట్టె’ అని వేశారు.

అయితే వెంటనే ఒక అభ్యంతరం వస్తుంది. మత్తయి అదే ఆరో అధ్యాయం చివర్లో ‘రేపటినిగూర్చి చింతింపకుడి... ఏనాటికీడు ఆనాటికి చాలును’ అన్నవాడు, ఇరవై మూడు వచనాల ముందు రేపటి తిండి ఇవాళే అడగమంటాడా? దీనికి ఒక జవాబు, అడిగేసినవాడికి చింత ఎందుకుంటుంది అని. అది ప్రసంగానికి బాగుంటుంది గానీ భాషలోనే ఇంకా గట్టి జవాబు ఉంది. ఎపియూసా సరిగ్గా ‘రేపు’ కాదు. రేపటికి గ్రీకులో ‘ఔరియోన్’ అని వేరే మాట ఉంది, మత్తయి 6:34లో ఉన్నది అదే. ఎపియూసా అంటే ఎదురుగా వస్తున్న రోజు, అది ఏ రోజో మాట్లాడే వేళను బట్టి మారుతుంది. ప్లేటో రాసిన ‘క్రీటో’లో చెరసాలలో ఉన్న సోక్రటీసును చూడడానికి స్నేహితుడు తెల్లవారకముందే వస్తాడు. సోక్రటీసు తన కల సంగతి చెబుతూ, తన మరణశిక్షకు ముందు రావలసిన ఓడ వచ్చేది ఈ ఎపియూసా రోజున కాదు, ఆ తర్వాతి రోజున అంటాడు. అక్కడ ఎపియూసా అంటే ఇంకాసేపట్లో తెల్లవారబోతున్న ఆ రోజే. పొద్దున్నే అంటే ఇవాళ, రాత్రి అంటే రేపు. దిదాఖే ఈ ప్రార్థనను రోజుకు మూడుసార్లు చేయమంటుంది. మూడు పూటలా చెప్పే ప్రార్థనకు ఇలా వేళను బట్టి ఒదిగే మాటే కుదురుతుంది.

పైగా ఆ ప్రార్థన మొదట విన్నవాళ్ళు ఎవరో గుర్తుపెట్టుకోవాలి. గలిలయ పల్లెల్లో కూలికి పోయేవాళ్ళు, చేపలు పట్టేవాళ్ళు. మత్తయి 20లో ద్రాక్షతోట యజమాని పొద్దున్నే సంతవీధికి వెళ్ళి దినానికి ఒక దేనారం చొప్పున కూలికి మాట్లాడుకుంటాడు, పొద్దుగూకగానే పిలిచి లెక్క ఇచ్చేస్తాడు. లేవీయకాండము 19:13 ‘కూలివాని కూలి మరునాటివరకు నీయొద్ద ఉంచుకొనకూడదు’ అంటుంది. యూదుల లెక్కలో సూర్యాస్తమయంతోనే కొత్త రోజు మొదలు. సాయంత్రం చేతిలో పడిన ఆ కూలి డబ్బుతోనే రాబోయే రోజు పొయ్యి వెలగాలి. చేతిలో పడకపోతే రేపు పస్తే. అలాంటివాడికి ‘రాబోయే రోజు రొట్టె ఇవాళ ఇయ్యి’ అనే మాటలో ఏ తత్వమూ అక్కర్లేదు. దాచుకోవడం గురించి అడగడం లేదు, ఒక్క రోజు ముందుకు అడుగుతున్నాడు. అడ్డా మీద నిలబడే కూలీలకు ఈ లెక్క ఎవరూ వివరించి చెప్పనక్కర్లేదు.

ఎడారిలో ఇశ్రాయేలీయులకు దేవుడు ఆకాశం నుంచి కురిపించిన తిండి, ఆ మన్నా కథ కూడా ఇక్కడ వెనకనుంచి వినబడుతుంది. నిర్గమకాండము 16:4 తెలుగులో చక్కగా ఉంటుంది, ప్రజలు వెళ్ళి ‘ఏనాటి బత్తెము ఆనాడే’ కూర్చుకోవాలి. ఎక్కువ ఏరుకుని దాచితే పురుగు పట్టేది. ఆరో రోజు మాత్రం రెండింతలు దొరికేది, విశ్రాంతి రోజు కూడా అందులోనే గడవాలి కాబట్టి. అంటే ఆ కథలోనే ‘నేటికి సరిపడా’, ‘రేపటిది నేడే’ అనే రెండూ ఉన్నాయి. ‘బత్తెం’ అనే మాటను పాత తెలుగు అనువాదకులు ప్రభువు ప్రార్థనలో కూడా వాడి ఉంటే ఎంత బాగుండేదో అనిపిస్తుంది. కొలత ఉన్న తిండి, ప్రయాణానికో పనికో ముందే చేతికిచ్చే తిండి, ఇప్పటికీ డ్రైవర్ బత్తా అంటే అందరికీ అర్థమయ్యే మాట. ఎపియూసియోస్ చుట్టూ తిరిగే అర్థాలన్నీ, రాబోయే రోజుది, సరిపడేది, అవసరమైనది, అన్నీ అందులో సర్దుకుంటాయి. ప్రార్థనకు కాస్త మోటుగా ఉంటుందని వదిలేశారేమో.

యేసు కడరా భోజనానికి గుర్తుగా చర్చిలో రొట్టె విరిచే బల్ల సంస్కారం గురించి చెప్పుకోకపోతే సగమే చెప్పినట్టు. జెరోమ్ దారిలో వెళ్ళేవాళ్ళు ఈ రొట్టెను ఆ సంస్కారంలో ఇచ్చే దివ్యసత్ప్రసాదంగా చూస్తారు. 1992లో వచ్చిన కతోలిక సత్యోపదేశ గ్రంథం కూడా ఎపియూసియోస్‌కు కాలానికి సంబంధించిన అర్థం, బతుకుకు అవసరమనే అర్థం, జీవాహారమనే అర్థం మూడూ చెప్పి మూడింటినీ ఉంచింది. గ్రీకు చదివేవాళ్ళకు ఈ వంతెన తేలిగ్గా దొరుకుతుంది. ప్రార్థనలో ఉన్నదీ ఆర్తోసే, కడరా భోజనంలో విరిచిందీ ఆర్తోసే, యోహాను 6:35లో ‘జీవాహారము నేనే’ అన్న చోట ఉన్నదీ ఆర్తోసే. తెలుగులో మొదటిది ఆహారం, రెండోది రొట్టె, మూడోది మళ్ళీ ఆహారం అయ్యాయి. కాబట్టి మనకు ఆ తీగ లాగినా డొంక కదలదు. అన్నం తినే ఊళ్ళో రోజూ రొట్టె ఇమ్మని అడగమంటే నవ్వుతారు కాబట్టి ఆ మార్పులో తప్పేమీ లేదు. ఆర్‌సీఎం వాళ్ళు ఇంకో అడుగు ముందుకేసి ‘అన్నము’ అనేశారు, అది మరీ సొగసు. అయితే ఆ పవిత్రమైన అర్థాన్ని ఊసియా మీద ఆధారపడి నిరూపించబోతే మాత్రం కాళ్ళకింద నేల గట్టిగా లేదు. అది ప్రార్థనలోంచి పుట్టిన ధ్యానం, మాటలోంచి పుట్టిన అర్థం కాదు.

ఇంతా అయ్యాక తెలుగులో ఉన్న రెండు వాక్యాలను మళ్ళీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక చిన్న విభక్తి దగ్గర కళ్ళు ఆగుతాయి. ‘నానాటికి కావలసిన మా అన్నము మాకు నేటికి ఇవ్వండి’ అనే జపంలో ‘కావలసిన’ ఉంది, అది గ్రీకు మాటకు ‘అనుదిన’ కంటే దగ్గర. కానీ ‘నేటికి’ అనడంతో అన్నం ఇవాళ్టితో సరి, రాబోయే రోజుకు అందులో చోటు లేదు. ‘మా అనుదినాహారము నేడు మాకు దయచేయుము’లో విశేషణం పలచబడింది గానీ, ‘నేడు’ అన్నది ఎప్పటికి తిండి అనేది చెప్పకుండా ఎప్పుడు ఇవ్వాలో మాత్రమే చెబుతుంది, గ్రీకు ‘సేమెరోన్’ లాగానే. ఒకరి దగ్గర విశేషణం బాగుంది, ఇంకొకరి దగ్గర ‘కి’ లేకపోవడం బాగుంది.